కొమ్ము పురుగు: గాయం మొవ్వులో, పుట్టుక పెంటపోగులో

కొబ్బరి మొవ్వు నుంచి కొత్త ఆకు విచ్చుకున్నప్పుడు దానికి రెండు వైపులా కత్తెరతో వరస పెట్టి కోసినట్టు మూడు మూలల కోతలు కనిపిస్తే, తోటలోకి కొమ్ము పురుగు వచ్చి వెళ్లిందని కోనసీమ రైతుకైనా ఉద్దానం రైతుకైనా ఇంకొకరు చెప్పనక్కరలేదు. అయితే ఆ కోత ఆనాడు పడింది కాదు. ఆకు ఇంకా మొవ్వులో ముడుచుకుని ఉండగానే పురుగు మట్ట మొదట్లో తొలుచుకుని లోపలికి పోయి, లేత భాగాన్ని నమిలి రసం పీల్చుకుని, పిప్పిని వెనక్కి నెట్టేస్తుంది. మడతల మీద పడిన ఒక్క రంధ్రమే ఆకు విచ్చుకునేసరికి వరస కోతలుగా తేలుతుంది. అంటే మనకు కనబడేసరికి పురుగు ఆ చెట్టును వదిలి చాలా రోజులై ఉంటుంది. ఈ పురుగును అదుపు చేయడానికి నూరేళ్లకు పైగా జరిగిన ప్రయత్నాలను వరసగా చూస్తే, చెట్టు తల మీద చేసిన పనికంటే నేల మీద కుళ్లుతున్న చెత్తలో చేసిన పనే ఎక్కువ ఫలితమిచ్చిందని నా అభిప్రాయం.

1758లో లినేయస్ శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ పురుగుకు ఓరిక్టెస్ రైనోసెరస్ అని పేరు. దక్షిణ, ఆగ్నేయ ఆసియా దీని పుట్టిల్లు. కొబ్బరి దీనికి ప్రధాన ఆహారమే అయినా ఆయిల్‌పామ్, ఈత వంటి చెట్లనూ విడిచిపెట్టదు. చెట్టుకు హాని చేసేది రెక్కలు వచ్చిన పెద్ద పురుగు ఒక్కటే. అది రాత్రిపూట ఎగిరి మొవ్వుకు చేరుతుంది, నాలుగు నుంచి తొమ్మిది నెలల వరకు బతుకుతుంది. ఆడ పురుగు గుడ్లు పెట్టడానికి మాత్రం చెట్టు దిగి పెంటపోగునో, కుళ్లిన కొబ్బరి మొద్దునో, కంపోస్టు గుంతనో వెతుక్కుంటుంది. తన జీవితకాలంలో 50 నుంచి 100 వరకు గుడ్లు పెడుతుంది.

మాగిన పెంటపోగును పారతో లోతుగా తిరగవేస్తే ఈ కథలో మనకు కనబడని భాగమంతా బయటపడుతుంది. బొటనవేలంత లావున, కొడవలిలా వంగి, గోధుమరంగు తలతో తెల్లటి పిల్ల పురుగులు దొర్లుతాయి. అవి తిన్న ఎరువు చర్మం కిందనుంచి కనిపించడం వల్ల వెనక భాగం మాత్రం నల్లగా ఉంటుంది. 8 నుంచి 12 రోజుల్లో గుడ్డు నుంచి వెలువడిన పురుగు, రెండుసార్లు చర్మం విడిచి మూడు దశలు దాటుతూ, వేడిమిని బట్టి, తిండిని బట్టి మూడు నుంచి ఏడు నెలల దాకా ఆ చెత్తలోనే పెరుగుతుంది. తరువాత గూడు కట్టుకుని ప్యూపాగా మూడు నాలుగు వారాలు గడుపుతుంది. రెక్కలు వచ్చాక కూడా వెంటనే ఎగరదు. ఒళ్లు గట్టిపడేదాకా మరో రెండు మూడు వారాలు గూటిలోనే ఉంటుంది.

ఈ పురుగు కొత్త దేశానికి చేరితే ఏమవుతుందో పసిఫిక్ ద్వీపాలు చవిచూశాయి. అప్పటి సిలోన్ నుంచి తెచ్చిన రబ్బరు మొక్కలతోపాటు ఇది 1909లో, జర్మనీ ఏలుబడిలో ఉన్న సమోవాకు చేరింది. పురుగులను ఏరి అప్పగించడాన్ని పాలకులు గ్రామాలకు తప్పనిసరి చేసినా వ్యాప్తి ఆగలేదు. 1921లో టోంగాకు చెందిన నియువాటోపుటాపు అనే చిన్న ద్వీపంలో కనిపించినప్పుడు మాత్రం, కుళ్లుతున్న మొద్దులనూ చెత్తనూ పట్టుదలగా తొలగించి 1930 నాటికి దానిని పూర్తిగా నిర్మూలించగలిగారు. చుట్టూ సముద్రం ఉన్న చిన్న నేల కావడం అక్కడ కలిసివచ్చింది. 1942 ప్రాంతంలో పాలావ్‌కు చేరిన పురుగు, యుద్ధంలో కూలిన చెట్లే పుట్టిళ్లు కాగా, పదేళ్లలో అక్కడి కొబ్బరి చెట్లలో దాదాపు సగాన్ని చంపింది. 1950లలో ఫిజీ కూడా దీని బారిన పడింది.

మలుపు 1963లో వచ్చింది. ఈ పురుగుకు సహజ శత్రువును వెతుకుతూ మలేసియాకు వెళ్లిన జర్మన్ శాస్త్రవేత్త అలోయిస్ హ్యూగర్, అక్కడి పిల్ల పురుగులలో ఒక వైరస్ వ్యాధిని కనుగొన్నాడు. 1967లో ఆ వైరస్‌ను సమోవాలో వదిలారు. కొద్ది సంవత్సరాలలోనే చెట్ల నష్టం బాగా తగ్గడంతో ఇతర ద్వీపాలూ అదే దారి పట్టాయి. ఆ వైరస్ పనిచేసే తీరు గమనించదగింది. అది పెద్ద పురుగును వెంటనే చంపదు, దాని పేగులలో విపరీతంగా వృద్ధి చెందుతుంది. రోగం తగిలిన పురుగు ఎగురుతూనే ఉంటుంది, ఇతర పురుగులతో కలుస్తుంది, పెంటపోగులోకి దిగి తన మలంతో వైరస్‌ను అక్కడ వదులుతుంది, పిల్ల పురుగులు దానిని తిని చస్తాయి. మనిషి పార పెట్టి వెతకలేని ప్రతి గుంతకూ ఆ పురుగే స్వయంగా రోగాన్ని మోసుకుపోతుందన్నమాట. మన దేశంలోనూ 1983లో లక్షద్వీప్‌లోని మినికాయ్ ద్వీపంలో ఈ వైరస్‌ను వదిలి మంచి ఫలితం సాధించారు.

అయితే ఆ విజయం చెక్కుచెదరకుండా నిలవలేదు. 2007లో గువామ్‌లో ఈ పురుగు తొలిసారి కనిపించినప్పుడు, పసిఫిక్‌లో అంతవరకూ వాడిన వైరస్ రకాలకు అది లొంగలేదు. జన్యుపరంగా వేరైన ఈ తెగ తరువాత 2013లో హవాయికి, 2015లో సాలమన్ దీవులకు చేరింది. 2015లో డాల్ఫిన్ తుఫాను గువామ్‌లో చెట్లను కూల్చాక, కుళ్లిన చెత్త పెరిగి పురుగు ఉధృతి ఒక్కసారిగా ఎగబాకింది. దీనిని అదుపు చేయగల కొత్త వైరస్ రకాల కోసం శాస్త్రవేత్తలు ఇంకా వెతుకుతున్నారు.

తుఫానుకూ ఈ పురుగుకూ ఉన్న బంధం మనకు దూరపు విషయం కాదు. 1996 నవంబరు తుఫాను కోనసీమలోనూ, 2018 అక్టోబరు తిత్లీ తుఫాను ఉద్దానంలోనూ లెక్కకు మిక్కిలి కొబ్బరి చెట్లను నేలకూల్చాయి. కూలిన మొద్దును కోసి తరలించడానికి కూలి ఖర్చవుతుంది. అప్పటికే పంట పోగొట్టుకున్న రైతు దానిని అక్కడే వదిలేస్తే తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ ఆ మొద్దు మెత్తబడిన కొద్దీ పురుగుకు పురిటిగది అవుతుంది. నష్టపరిహారం చెట్టుకు ఇంత అని లెక్కకట్టినప్పుడు మొద్దు తొలగింపునకు అయ్యే ఖర్చును కూడా అందులో కలపాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇనుప ఊచతో మొవ్వులోని పురుగును లాగి చంపడం, మట్టల మొదళ్లలో వేప పిండీ ఇసుకా కలిపి వేయడం, కలరా ఉండలు పెట్టి ఇసుకతో కప్పడం వంటి పద్ధతులు లేత చెట్లను కాపాడతాయి, వాటిని మానకూడదు. అయితే ఎదిగిన చెట్ల మొవ్వుల్లోకి ప్రతిసారీ మనిషి ఎక్కడం సాధ్యం కాదు, దింపు కార్మికులు దొరకని ఈ రోజుల్లో మరీ కష్టం. పిల్ల పురుగులకు తెగులు కలిగించి చంపే మెటారైజియం శిలీంద్రాన్ని పెంటపోగులో కలపడానికి మాత్రం చెట్టెక్కే పని లేదు. పోగు తడిగా ఉండాలి, ఎండ తగలకుండా నీడ ఉండాలి. కనుక తొలకరి వానలు పడ్డాక ఆ పని చేయడం మంచిది.