శివార్లకు లైట్ రైలా, బస్సా, మెట్రోనా? అపోహలు - వాస్తవాలు

శివారు ప్రాంతాలకు రవాణా ప్రణాళికలు వేయడం నా పని. ఏ సమావేశానికి వెళ్లినా జనం మొదట అడిగేది ‘మాకు ఏ బండి వేస్తున్నారు?’ అనే. ఆ బండికి ఏ దారి ఇస్తున్నారని అడిగేవాళ్లు చాలా తక్కువ.

అపోహ: పట్టాలు వేస్తే చాలు, త్వరగా చేరిపోతాం.

వాస్తవం: లైట్ రైల్ అంటే ట్రామ్ లాంటి తేలికపాటి రైలు, చాలాచోట్ల రోడ్డు మీదే నడుస్తుంది. దాని పట్టాలు కార్ల మధ్యే ఉంటే అది కూడా కార్ల వెనకే ఆగుతుంది. సొంత దారి ఉన్నా స్టాపుల లెక్క చూసుకోవాలి. 12 కిలోమీటర్ల లైన్‌లో 400 మీటర్లకో స్టాపు పెడితే 30 స్టాపులు. వేగం తగ్గించి, ఆగి, మళ్లీ అందుకోవడానికి ఒక్కోచోట అర నిమిషం పోయినా 15 నిమిషాలు దానికే సరి. కిలోమీటరుకొకటి పెడితే 6 నిమిషాలే పోతాయి. కానీ అప్పుడు నడక పెరుగుతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది చిన్న విషయం కాదు. స్టాపులు ఎక్కడ పెట్టాలన్న దాని మీద నేను వాదించినంతగా బండి రకం మీద ఎప్పుడూ వాదించలేదు.

అపోహ: బస్సు ఎక్కువ మందిని మోయలేదు.

వాస్తవం: కొలంబియా రాజధాని బొగోటాలో 2000లో మొదలైన ట్రాన్స్‌మిలేనియో అనే ప్రత్యేక దారి బస్సుల వ్యవస్థ రద్దీ గంటలో ఒక దిశలో 40,000 మందికి పైగా మోసింది. స్టేషన్ల దగ్గర ఆగిన బస్సును దాటిపోయేందుకు అక్కడ మరో లేన్ ఉంది. అంత వెడల్పు రోడ్డు ఎన్నిచోట్ల దొరుకుతుంది? ఒక్క లేన్‌లో 150 మంది పట్టే బస్సు నిమిషానికొకటి నడిపితే గంటకు 9,000 మంది. కానీ రెండువైపుల నుంచీ నిమిషానికో బస్సు వస్తుంటే కూడలిలో సిగ్నల్ ప్రతిసారీ పచ్చ లైటు ఇవ్వలేదు. 600 మంది పట్టే రైలు 4 నిమిషాలకొకటి వచ్చినా అదే 9,000 మంది వెళ్తారు, సిగ్నల్ కూడా దానికి దారి ఇవ్వగలదు. డ్రైవర్లూ తక్కువ చాలు. లైట్ రైల్ నిజంగా గెలిచేది ఇక్కడే.

అపోహ: ఇప్పుడు బస్సు దారి వేసుకుని, తర్వాత తేలిగ్గా రైలుకు మారిపోవచ్చు.

వాస్తవం: మారవచ్చు, తేలిగ్గా మాత్రం కాదు. కెనడా రాజధాని ఒట్టావాలో బస్సుల ప్రత్యేక దారి 1983లో మొదలైంది. నగరం నడిబొడ్డున మాత్రం బస్సులు మామూలు వీధుల్లోకి దిగేవి, రద్దీ వేళల్లో అక్కడ బారులు తీరేవి. చివరికి కీలకమైన భాగాన్ని లైట్ రైలుగా మార్చి 2019లో తెరిచారు. పనులు సాగినన్నాళ్లూ బస్సులను వేరే రోడ్ల మీదకు మళ్లించారు. ఆ ఇబ్బంది పడింది రోజూ ఎక్కేవాళ్లే. రైలు ఆలోచన ఉంటే వంతెనలు, మలుపులు మొదటి రోజే దానికి తగ్గట్టు కట్టాలి.

అపోహ: స్టేషన్ వస్తే చుట్టుపక్కల దానంతటదే అభివృద్ధి.

వాస్తవం: చుట్టూ కార్ పార్కింగే పరిచి, అపార్ట్‌మెంట్లకు అనుమతి ఇవ్వకపోతే స్టేషన్ ఒంటరిగానే ఉంటుంది.

అపోహ: డబ్బుంటే మెట్రోనే మేలు.

వాస్తవం: ఇళ్లు దూరదూరంగా ఉన్న శివారులో డబ్బంతా ఒక్క లైన్‌కే పోతే, కాలనీల నుంచి స్టేషన్‌కు చేర్చే బస్సులకు మిగలదు. అయితే కెనడాలోనే ఉన్న వాంకూవర్‌లో 1985 నుంచి డ్రైవర్ లేని మెట్రో రైళ్లు నడుస్తున్నాయి. ప్రతి రైలుకూ డ్రైవర్ అక్కర్లేదు కాబట్టి చిన్న రైళ్లనే తరచుగా నడపగలుగుతున్నారు. ఏ ప్రణాళిక నా చేతికొచ్చినా నేను మొదట తీసే పేజీ రాత్రి 9 దాటాక ఎన్ని నిమిషాలకో బండి ఉందో చెప్పేది. అక్కడ 30 అని కనిపిస్తే, అది బస్సయినా రైలయినా వెనక్కి పంపేస్తాను.