వింత ఆకారాల పాత వాచీలు: అపోహలు, వాస్తవాలు

గుండ్రటి వాచీలు నన్ను పెద్దగా లాగవు. నలుచదరం, పీపా, తాబేలు డిప్ప, ఒక పక్కకి సాగదీసినట్టున్న త్రిభుజం, ఇలాంటివి కనిపిస్తే మాత్రం కదలలేను. ఇలాంటి పాత వాచీలు కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ గట్టిగా నమ్మే మాటలు కొన్ని ఉన్నాయి, వాటివల్ల కొనేవాళ్ళ డబ్బు పోతుంది. అంతకన్నా నాకు బాధ కలిగించేది, మళ్ళీ ఎవరూ చేయలేని మంచి కేసులు, అంటే వాచీ యంత్రం చుట్టూ ఉండే లోహపు డొక్కులు, పాడైపోవడం. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పాలిష్ పెట్టిస్తే కొత్తదానిలా మెరుస్తుంది, రేటూ పెరుగుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. గుండ్రటి కేసు మీద కాస్త లోహం అరిగినా కంటికి తెలియదు, ఆకారం అలాగే ఉంటుంది. కానీ మెట్లు మెట్లుగా ఉన్న 1930ల నాటి దీర్ఘచతురస్రపు కేసుని ఒక్కసారి బఫింగ్ చక్రానికి ఆనిస్తే మూలలు మొద్దుబారిపోతాయి, మెట్లు కలిసిపోతాయి, పక్కల్లో గరుకుగా వదిలిన గీతలు పోయి అంతా ఒకటే మెరుపు అయిపోతుంది. ఆ అంచులే ఆ వాచీ, అవి పోయాక మిగిలేది బ్రాండు పేరున్న లోహపు ముక్క. గోల్డ్ ఫిల్డ్ కేసులైతే ఇంకా ఘోరం, పైన ఉండే బంగారం పలచటి పొర మాత్రమే, కింద ఉండేది ఇత్తడి లాంటి మామూలు లోహం. పాలిష్ చేసేకొద్దీ మూలల దగ్గర ముందుగా ఆ లోహం బయటపడుతుంది, దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు.

కొనేముందు ఇలా చూడండి: వెలుతురులో వాచీని నెమ్మదిగా వంచుతూ కేసు పక్క మీద కిటికీ అంచు ప్రతిబింబం ఎలా పడుతోందో గమనించండి. ఆ ప్రతిబింబం తిన్నగా ఉంటే మంచిది, అలలుగా వంకర్లు పోతే ఎవరో అరగదీశారు. స్ట్రాప్ తగిలించే నాలుగు కొమ్ములూ ఒకే మందంలో ఉన్నాయా? కేసు బయట ముద్రలుంటే లోతుగా ఉన్నాయా, చెరిగిపోయినట్టున్నాయా? చిన్న గీతలున్న వాచీ, అంచులు నిక్కచ్చిగా ఉంటే, తళతళలాడే మొద్దు వాచీకన్నా నా లెక్కలో ఎన్నో రెట్లు మేలు.

అపోహ: కార్టియర్ కంపెనీ ‘క్రాష్’ అనే వంకర వాచీ, కారు ప్రమాదంలో కరిగిపోయిన వాచీని చూసి చేసింది.

కథ బాగుంది, నిజం కాదు. 1967లో లండన్ శాఖ నడుపుతున్న జాన్ జాక్ కార్టియర్, డిజైనర్ రూపర్ట్ ఎమర్సన్ కలిసి, అప్పటికే ఉన్న కోలగా ఉండే మోడల్‌ని కావాలనే వంకర తిప్పి గీయించుకున్న ఆకారం అది. ప్రమాదంలో పుట్టిందని చెబితే ఆ పని వెనకున్న చెయ్యి కనబడకుండా పోతుంది, నాకు నచ్చనిది అదే. డయల్ వంకరగా ఉన్నా ముల్లు చూపించే గంట దగ్గరే అంకె ఉండాలి కదా, అది లెక్క వేసి గీస్తే తప్ప కుదరదు. ఇలాంటి కథలు చెప్పి రేటు పెంచేవాళ్ళుంటారు, కథకి డబ్బు కట్టకండి.

అపోహ: దీర్ఘచతురస్రపు కేసులో గుండ్రటి మూవ్‌మెంట్ (వాచీని నడిపే లోపలి యంత్రం) ఉంటే అది నకిలీ.

రెండు రకాలూ ఉన్నాయి. 1928లో వచ్చిన రోలెక్స్ ప్రిన్స్‌లో మూవ్‌మెంట్ కూడా పొడుగ్గానే ఉంటుంది. గ్రూయెన్ 1935లో తెచ్చిన కర్వెక్స్ అయితే ఇంకో అడుగు ముందుకేసి, చేతి వంపుకి తగ్గట్టు మూవ్‌మెంట్‌నే వంచి కట్టింది, అదే రోజుల్లో వేరేవాళ్ళు వంపు కేసులో చిన్న చదును మూవ్‌మెంట్ కూర్చోబెట్టి సరిపెట్టారు. 1969 నాటి హోయర్ మొనాకో నలుచదరపు కేసు, లోపల క్యాలిబర్ 11 అనే మూవ్‌మెంట్ గుండ్రంగానే ఉంటుంది. కాబట్టి చూడాల్సింది ఆ మోడల్‌లో కంపెనీ ఏది పెట్టిందన్నది. ముళ్ళ ఇరుసు డయల్ రంధ్రానికి సరిగ్గా నడిమధ్యన ఉందా, క్రౌన్ (కీ ఇచ్చే గుండీ) కాడ కేసు రంధ్రంలో ఏటవాలుగా దూరుతోందా, మూవ్‌మెంట్ చుట్టూ కాగితమో ప్లాస్టిక్ ముక్కో కుక్కి ఉందా, ఇవే మార్పిడి జరిగిందని చెప్పే గుర్తులు.

అపోహ: హామిల్టన్ వెంచురా బ్యాటరీతో నడుస్తుంది, అంటే క్వార్ట్జ్ (స్ఫటికం కంపనాలతో టైము లెక్కించే) వాచీ.

కాదు. త్రిభుజం లాంటి ఈ వాచీ 1957 జనవరి 3న విడుదలైంది, మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ వచ్చింది 1969 డిసెంబరులో. కార్లు డిజైన్ చేసిన రిచర్డ్ ఆర్బిబ్ దీని ఆకారం గీశాడు. లోపల మామూలు వాచీలో ఉన్నట్టే అటూ ఇటూ ఊగుతూ టైము లెక్కించే బ్యాలెన్స్ చక్రం ఉంటుంది, దాన్ని స్ప్రింగు బదులు కరెంటు తోస్తుంది, అంతే తేడా. మొదట వాడిన ‘500’ అనే మూవ్‌మెంట్‌లో సన్నటి కాంటాక్టు తీగలు త్వరగా అరిగేవి, రిపేరు తెలిసినవాళ్ళు కూడా ఆ రోజుల్లో తక్కువే, అందుకే 1961లో దాని బదులు ‘505’ తెచ్చారు. ఇప్పుడు 1950ల వాచీ అని చెప్పి చూపించినదాని లోపల క్వార్ట్జ్ కనిపిస్తే, ఎవరో గుండె మార్చేశారు, లేదా అది తర్వాత వచ్చిన కొత్త ఎడిషన్.

అపోహ: చిన్నగా ఉంటే ఆడవాళ్ళ వాచీ.

1920, 30లలో మగవాళ్ళ దీర్ఘచతురస్రపు వాచీ 20 నుంచి 25 మిల్లీమీటర్ల వెడల్పుండటం మామూలే. పైగా నలుచదరం అదే వెడల్పున్న గుండ్రటిదానికన్నా చేతి మీద పెద్దగా కనిపిస్తుంది. వెడల్పు ఒక్కటే అడక్కండి, పైకొమ్ము నుంచి కిందికొమ్ము దాకా కొలత అడగండి.

అపోహ: వాటర్ రెసిస్టెంట్ అని రాసుంది, తడిసినా పర్వాలేదు.

గుండ్రటి వెనక మూతని స్క్రూలాగా తిప్పి బిగించవచ్చు, రబ్బరు రింగు చుట్టూ ఒకేలా నొక్కుకుంటుంది. మూలలున్న మూతకి ఆ వీలు లేదు, ఎక్కువ వాటికి నొక్కి మూసే మూతే. మొనాకో లాంటి నలుచదరపు కేసు నీళ్ళు ఆపడం ఆ రోజుల్లో గొప్ప విషయమైంది అందుకే. దశాబ్దాల కిందటి రబ్బరుని నమ్ముకుని చేతులు కడుక్కోకండి.

అపోహ: ముళ్ళు చీకట్లో వెలగట్లేదు కాబట్టి రేడియం పోయింది.

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. చచ్చిపోయింది రేడియంతో కలిపి పూసిన, వెలిగే జింక్ సల్ఫైడ్ పొడి. రేడియోధార్మిక పదార్థమైన రేడియం సగానికి తగ్గడానికే సుమారు 1600 ఏళ్ళు పడుతుంది. 1960ల దాకా చేసిన, ఇలా వెలిగే రంగు పూసిన డయల్‌ని ఇంట్లో విప్పకండి, గీకకండి, ఊదకండి, ఆ పొడి ఊపిరితో లోపలికి పోతే ప్రమాదం. తెలిసిన రిపేరర్‌కి ముందే చెప్పి ఇవ్వండి. రేడియం బదులు తర్వాత వాడిన ట్రిటియం అయితే 12 ఏళ్ళకోసారి సగమవుతుంది.

అపోహ: పెట్టెలోంచి తీయనే లేదు, సర్వీసింగ్ అక్కర్లేదు. 

వాడకపోయినా లోపలి నూనె ఎండిపోతుంది. ఎండిన నూనెతో నడిపితే ఇరుసులు అరుగుతాయి.

అపోహ: గ్లాసుదేముంది, ఎక్కడైనా దొరుకుతుంది.

గుండ్రటి గ్లాసు సైజు చెబితే దొరుకుతుంది. వంపు తిరిగిన దీర్ఘచతురస్రానికో త్రిభుజానికో సరిపోయే గ్లాసు కావాలంటే పాత స్టాకు వెతకాలి, లేదా చేత్తో కోయించాలి. ఆ కష్టం పడలేక చాలామంది చదును గ్లాసు అతికించేస్తారు. ముళ్ళు గ్లాసుకి తగిలి వాచీ ఆగిపోతుంది, పక్కనుంచి చూస్తే ఆ అందమైన వంపు తెగిపోయి కనిపిస్తుంది. అమ్మేవాళ్ళు పంపే ఫోటోలన్నీ ఎదురుగా తీసినవే ఉంటాయి, వాచీని పక్కనుంచి తీసిన ఫోటో ఒకటి తప్పకుండా అడగండి. అందులో గ్లాసు వంపు కేసు వంపుతో కలవాలి.