రంగులద్దిన కొయ్య మనుషులు: అపోహలు, వాస్తవాలు

కొయ్యలో మనిషి ఆకారాలు చెక్కి రంగులు వేయడం నా పని. వాటిని చూసినవాళ్లు తరచూ అనే మాటలకు జవాబులివి. ఎక్కువగా జర్మన్ శిల్పి స్టెఫాన్ బాల్కెన్‌హోల్ పనినే ఉదాహరణగా తీసుకుంటున్నాను. 1957లో పుట్టిన ఆయన తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకున్న మామూలు మనిషిని దశాబ్దాలుగా చెక్కుతున్నారు.

అపోహ: రంగు వేస్తే అది ఆటబొమ్మే, శిల్పం కాదు.
స్పెయిన్‌లోని సెవీల్ కేథడ్రల్‌లో శిలువ మీది క్రీస్తు విగ్రహం ఉంది. 17వ శతాబ్దం మొదట్లో మార్తీనెస్ మోంతాన్యెస్ చెక్కితే, చిత్రకారుడు పచేకో రంగులు వేశాడు. దాన్ని చూసినవాళ్లెవరూ ఈ మాట అనరు. ఆటబొమ్మను తక్కువ చేయడం కూడా నాకు నచ్చదు. కొండపల్లి పనివాళ్ల చేతివాటం చిన్నదేం కాదు.

అపోహ: గట్టి చెక్కయితేనే మంచి శిల్పం.
బాల్కెన్‌హోల్ ఎక్కువగా వాడే ఆఫ్రికా వావా చెక్క మెత్తనిది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెక్కా అంతే.

అపోహ: రంగు వేసేది చెక్క లోపాలు కప్పడానికే.
లోపం కప్పాలంటే మక్కు పెట్టి, నునుపు చేసి, దళసరిగా పూయాలి. బాల్కెన్‌హోల్ బట్టలకు, జుట్టుకు, కళ్లకు, పెదవులకు రంగు వేసి, ముఖాన్ని, చేతుల్ని చాలావరకు ఉత్త చెక్కగానే వదిలేస్తారు. పక్కన చొక్కా తెల్లగా ఉండబట్టి లేత పసుపు చెక్క ఒంటిరంగులా కనబడుతుంది. రంగు ఎక్కడ ఆగాలో ఉలి పట్టినప్పుడే తేల్చుకోవాలి. ఎందుకంటే రంగు లేనిచోట ప్రతి ఉలిగాటూ బయటపడుతుంది. "ఇంకా ఫినిషింగ్ ఉందా?" అని అడుగుతారు. ఆ గాట్ల అంచుల మీద వెలుగు విరిగినప్పుడే ముఖానికి ప్రాణం వస్తుంది. గరుకు కాగితంతో రుద్దితే అదంతా పోతుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ, టెన్షన్ పెట్టేదీ ఈ ఘట్టమే.

అపోహ: పగిలిందంటే చెక్క మంచిది కాదు.
చెక్క ఆరేటప్పుడు పొడవులో దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. అందులోనూ మొద్దు కోతలో కనిపించే వయసు వలయాల వెంట తగ్గేది, నడిమి నుంచి బెరడు వైపు తగ్గేదానికి సుమారు రెండింతలు. అందుకే గుండ్రటి మొద్దు మధ్యకంటా పగులుతుంది. ఆ పగులు రాకుండా మధ్యయుగపు యూరప్ శిల్పులు వీపు వైపు తొలిచి డొల్ల చేసేవారు. జపాన్‌లో ముక్కలు అతికేవారు, బ్యోదోఇన్ ఆలయంలోని 1053 నాటి అమిద బుద్ధుడు అలా చేసిందే. బాల్కెన్‌హోల్ మనిషినీ పీఠాన్నీ ఒకే మొద్దులో చెక్కి, పగులును అలాగే ఉండనిస్తారు. మీ ఇంట్లో ఇలాంటి శిల్పం ఉంటే ఎండ, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. పగుల్లో లప్పం కూరకండి. వానాకాలం తేమకు చెక్క మళ్లీ ఉబ్బుతుంది, గట్టిపడిన లప్పం దానికి చోటివ్వదు.