సిమ్ కంపెనీలు కలిసిపోతే గూగుల్ యాడ్ రేటు ఏమవుతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో సెల్ షాపు నడిపే ఒకాయన నాకు పాత క్లయింటు. 2018 ఆగస్టు 31న వోడాఫోన్, ఐడియా అధికారికంగా ఒకటయ్యాయి. ఆ మర్నాడే ఫోన్ చేసి రెండు ప్రశ్నలు ఒకే ఊపిరిలో అడిగారు. "తమ్ముడూ, ఇహ రీచార్జ్ రేట్లు పెంచేస్తారంటావా? మన గూగుల్ యాడ్ ఖర్చు కూడా పెరుగుద్దా?"

నా పని సెర్చ్ యాడ్స్, అంటే గూగుల్‌లో ఏదైనా వెతికితే ఫలితాలతో పాటు కనిపించే ప్రకటనలు, ఎవరైనా నొక్కితేనే డబ్బు కట్టాలి. మొదటి ప్రశ్నకి నా దగ్గరున్నది టీ కొట్టు దగ్గర అందరికీ ఉండే అభిప్రాయమే. రెండోదానికి మాత్రం లెక్క ఉంది. ఆయన రెండు ప్రశ్నలకీ ఒకే జవాబు ఉంటుందనుకున్నారు. ఈ రంగంలో నాకు ఎదురయ్యే అపోహల్లో ఇదే పెద్దది కాబట్టి దీన్నే ముందు పెడుతున్నా.

అపోహ: కంపెనీలు తగ్గితే సిమ్ రేటూ పెరుగుతుంది, యాడ్ రేటూ పెరుగుతుంది.

ముందు సిమ్ సంగతి. జియో వచ్చింది 2016 సెప్టెంబరు 5న. ఆ తర్వాతి మూడేళ్ళలో మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో (టెలికాం లెక్కలో తెలంగాణ కూడా ఇందులోదే) షాపు గోడల మీది బోర్డులు ఒక్కొక్కటిగా దిగిపోయాయి. 2018 ఫిబ్రవరిలో ఎయిర్‌సెల్ దివాలా పిటిషన్ వేసింది. అదే ఏడాది మేలో టెలినార్, 2019 జులైలో టాటా డొకోమో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. రిలయన్స్ కమ్యూనికేషన్స్ అయితే ఎయిర్‌సెల్‌తో పెళ్ళి మాటలు చెడి, మొబైల్ సర్వీసే మూసుకుంది. ఇన్ని కంపెనీలు పోతున్న ఆ మూడేళ్ళలోనే డేటా రేట్లు ఎన్నడూ లేనంత కిందికి దిగాయి.

పెరగడం మొదలైంది 2019 డిసెంబరులో. ఎయిర్‌టెల్ 28 రోజుల ప్లాన్ ఒకటి 2021 నవంబరు దాకా 149 రూపాయలుండేది. అప్పుడు 179 అయింది, 2024 జులైలో 199కి చేరింది. అంటే రేటు పెళ్ళి రోజున పెరగదు. పోటీకి చవగ్గా అమ్మేవాడు ఇక చాల్లే అనుకున్న రోజున పెరుగుతుంది. విలీనాలు ఆ రోజుని దగ్గర చేస్తాయి, అంతే. ఇది నా అభిప్రాయం. "విలీనం వల్ల రేట్లు పెరగలేదు చూశారా" అని 2018లో గుండెలు చరుచుకున్నవాళ్ళూ, "మర్నాడే పెంచేస్తారు" అని భయపెట్టినవాళ్ళూ కేలెండరు చూడలేదు.

ఇక యాడ్ సంగతి. ఇక్కడ అమ్మకం నడిచేది వేలంపాటతో. వేలం అనగానే మనవాళ్ళకి బాలాపూర్ గణేశుడి లడ్డూ గుర్తొస్తుంది. 1994లో 450 రూపాయలకి పోయిన లడ్డూ 2024లో 30 లక్షలు దాటింది. అక్కడ ఎంత పాడితే అంతా కట్టాలి. గూగుల్ పాట అలా కాదు. మీరు కట్టేది మీరు పాడింది కాదు, మీ కింద ఉన్నవాణ్ణి దాటడానికి సరిపడేంత మాత్రమే.

చిన్న లెక్క వేసుకుందాం. అసలు సూత్రంలో గూగుల్ ఇంకా చాలా దినుసులు కలిపింది, అన్నీ బయటికి చెప్పదు. మూలం మాత్రం ఇదే: ఒక్కో క్లిక్కుకి పాడిన రేటుని నాణ్యతతో (వెతికినవాడికి ఆ యాడ్ ఎంత పనికొస్తుందో గూగుల్ వేసే మార్కు) గుణిస్తే ర్యాంకు వస్తుంది. మొదటివాడు 12 రూపాయలు పాడాడు, నాణ్యత 8, ర్యాంకు 96. రెండోవాడు 20 పాడాడు, నాణ్యత 4, ర్యాంకు 80. మూడోవాడు 10 పాడాడు, నాణ్యత 4, ర్యాంకు 40. పైన కూర్చునేది 12 పాడినవాడే, 20 పాడినవాడు కాదు. "ఎక్కువ డబ్బు పెట్టినవాడే పైన" అనే ఇంకో అపోహ ఇక్కడే తీరిపోయింది, దాన్ని విడిగా రాయను. వాడు కట్టేది 80ని 8తో భాగించగా వచ్చే 10 రూపాయలు, పైన కొన్ని పైసలు.

ఇప్పుడు మొదటివాడూ రెండోవాడూ ఒకే కంపెనీ అయ్యారనుకోండి. తనమీద తానే పాడుకోవడం దేనికని రెండో ఖాతా ఆపేస్తారు. కింద మిగిలినవాడి ర్యాంకు 40. దాన్ని 8తో భాగిస్తే 5 రూపాయలు. అదే క్లిక్ సగం ధరకి!

ఒకే విలీనం. సిమ్ కొనేవాడికి అమ్మేవాళ్ళు తగ్గారు, యాడ్ కొనేవాడికి పాడేవాళ్ళు తగ్గారు. వాడికి భారం, వీడికి లాభం. షాపాయనకి ఈ మాట చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే ఇప్పుడు రీచార్జ్ యాడ్‌కి ఇంకాస్త బడ్జెట్ పెడదామా" అన్నారు. వ్యాపారి బుర్ర!

అయితే కాగితం మీది సగం చేతికి సగంగా రాదు. పైన కనిపించాలంటే దాటాల్సిన కనీస హద్దు ఒకటి గూగుల్ పెడుతుంది, కింద ఎవరూ లేకపోయినా సరే. అసలు ఆ వేలంశాల ఎవరిది? 2024 ఆగస్టు 5న వాషింగ్టన్‌లో అమెరికా ఫెడరల్ కోర్టు జడ్జి అమిత్ మెహతా ఇచ్చిన తీర్పులో సెర్చ్‌లోనూ, సెర్చ్ టెక్స్ట్ యాడ్స్‌లోనూ గూగుల్‌ది గుత్తాధిపత్యమని తేల్చారు. పోటీ కంపెనీల ధరలు పట్టించుకోకుండానే యాడ్ ధరలు పెంచగలిగిందని, వేలంలో మరలు తిప్పి ఆ పని చేసిందని అందులో ఉంది. టెలికాంలో నలుగురు ముగ్గురైతే టీవీల్లో చర్చలు పెడతాం. మేం రోజూ పాట పాడే శాలకి మొదటినుంచీ ఉన్నది ఒక్క యజమానే, దాని మీద చర్చ పెట్టినవాణ్ణి మా ఊళ్ళో నేను చూడలేదు.

అపోహ: బ్రాండు పేరు మారింది, పాత పేరు కీవర్డ్ తీసేయాలి.

కీవర్డ్ అంటే, జనం ఏ మాట వెతికితే మన యాడ్ రావాలో ఆ మాట. 2020 సెప్టెంబరు 7న వోడాఫోన్ ఐడియా 'వీ' అయింది. ఇంగ్లీషులో వి, ఐ అని రెండే అక్షరాలు. ఆ వారమే ఒక కొత్త కుర్రాడు మా దగ్గర చేరాడు. ఉత్సాహంగా పాత పేర్లన్నీ ఆపి, కొత్త పేరుని బ్రాడ్ మ్యాచ్‌లో (దానికి దగ్గరగా అనిపించే వెతుకులాటలకి కూడా యాడ్ వచ్చేలా) పెట్టేశాడు. వారం తర్వాత సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ (జనం ఏం వెతికితే మన యాడ్ వచ్చిందో చెప్పే జాబితా) తెరిచి చూస్తే, మన షాపు సిమ్ యాడ్ మీద నొక్కినవాళ్ళలో ఆరో తరగతి సైన్స్ గైడ్ వెతుకుతున్న తల్లిదండ్రులున్నారు! రోమన్ అంకెల్లో ఆ రెండక్షరాలూ ఆరు కదా. కంప్యూటర్ వాళ్ళు వాడే ఒక పాత ఎడిటర్ పేరు కూడా అదే. గైడు కావాల్సినవాడికి సిమ్ చూపించి క్లిక్కుకి డబ్బు కట్టాం. 'క్లాస్', 'సిలబస్', 'టెక్స్ట్ బుక్' నెగెటివ్ కీవర్డులుగా (ఆ మాట ఉంటే యాడ్ రాకుండా) ఎక్కించాక గానీ తెరిపి రాలేదు.

పాత పేర్లు తిరిగి పెడితే రోజూ వెతుకులాటలు పడుతూనే ఉన్నాయి. 'ఐడియా సిమ్ పోర్ట్', 'వొడఫోన్ షాపు దగ్గర్లో', 'ఐడియా బాలన్స్ ఎలా చూడాలి'. సగం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, సగం తప్పు స్పెల్లింగులు. ఆ తప్పులే నాకు బంగారం.

జనానికి కంపెనీ పేరు నోటికి పట్టడానికి ఏళ్ళు పడుతుంది, వదలడానికి అంతకంటే ఎక్కువ. హైదరాబాద్‌లో 98480 అంటే ఐడియా, 98490 అంటే ఎయిర్‌టెల్, 94400 అంటే బీఎస్ఎన్ఎల్ అని నంబరు చూసి కంపెనీ చెప్పిన తరం మాది. ఆ 98480 కూడా మొదట ఐడియా కాదు, టాటా సెల్యులార్. టాటాలు, బిర్లాలు, ఏటీ అండ్ టీ కలిసి 2002లో ఐడియా అనే పేరు పెట్టారు. 98490 మొదట జేటీ మొబైల్స్, 1999లో ఎయిర్‌టెల్ వాళ్ళు కొన్నారు. 2011 జనవరి 20న నంబరు మార్చకుండా కంపెనీ మారే పోర్టబిలిటీ దేశమంతా వచ్చాక ఆ అంకెలకి అర్థమే పోయింది. అయినా మా మావయ్య ఇప్పటికీ నంబరు చూసి "ఐడియానా?" అంటాడు. ఆయన గూగుల్‌లో ఏం కొడతాడో మీరే ఊహించండి.

అపోహ: రెండు కంపెనీలు కలిస్తే కస్టమర్లు రెండింతలు.

కలిసిన రోజున వోడాఫోన్ ఐడియా చెప్పిన లెక్క 40.8 కోట్ల మంది. దేశంలో నంబర్ వన్. 2024 చివరికి మిగిలింది 20 కోట్లు. మధ్యలో ఏం జరిగిందంటే, 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఏజీఆర్ (సవరించిన స్థూల ఆదాయం) బకాయిల తీర్పు వచ్చింది. లైసెన్సు ఫీజు ఏ ఆదాయం మీద లెక్కేయాలన్న తగవు అది. ఆ దెబ్బకి ఒక్క త్రైమాసికంలోనే 50,921 కోట్ల నష్టం రాసుకున్నారు. చివరికి బాకీలనే వాటాగా మార్చుకుని కేంద్ర ప్రభుత్వం 2025లో 49 శాతం దాకా వాటాదారైంది. ఒక కంపెనీ కుంటుతుంటే రెండోది చెయ్యిస్తుందనుకున్నారు, ఇద్దరి అప్పూ ఒకే నెత్తికి చేరింది. నా పని వైపునుంచి చూస్తే, ఆ ఏళ్ళలో 'పోర్ట్ పెట్టడం ఎలా' అనే మాట మీద పాడిన షాపులు బాగుపడ్డాయి.

అపోహ: పోటీవాడి పేరు కీవర్డుగా పెడితే జైలే. మన పేరు మీద మాత్రం యాడ్ తప్పనిసరి.

రెండూ సగం నిజాలు. 2023 ఆగస్టులో డీఆర్ఎస్ లాజిస్టిక్స్ అనే సామాన్లు తరలించే కంపెనీ గూగుల్ మీద వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ చెప్పింది ఇది: ఇంకొకరి ట్రేడ్‌మార్క్‌ని కీవర్డుగా వాడినంత మాత్రాన అది ఉల్లంఘన కాదు, చూసినవాడు మోసపోయే గందరగోళం ఉంటే మాత్రం తప్పే. గూగుల్ కూడా చేతులు కట్టుకు నిలబడ్డ ప్రేక్షకుడు కాదని అదే తీర్పులో ఉంది. కాబట్టి నా క్లయింట్లకి చెప్పేది: కీవర్డ్ పెట్టండి, యాడ్ రాతలో మాత్రం వాళ్ళ పేరు వాడొద్దు, వాళ్ళ షోరూమ్‌లా నటించొద్దు.

సొంత పేరు మీద యాడ్ సంగతికొస్తే ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటు చేసిన ప్రయోగం చదవాలి. 2012లో అమెరికాలో యాహూ, మైక్రోసాఫ్ట్ సెర్చ్‌లలో తమ పేరున్న కీవర్డుల యాడ్స్ ఆపి చూశారు. పోతాయనుకున్న క్లిక్కుల్లో 99.5 శాతం కింద ఉన్న మామూలు లింకు ద్వారా తిరిగి వచ్చాయి. ఈబే అంత పేరున్నవాళ్ళకి అది డబ్బు దండగ. బీసెంట్ రోడ్డు షాపుకి? దాని పేరుతోనే ఊళ్ళో ఇంకో నాలుగు షాపులున్నాయి. ఆ యాడ్ ఉంచాం.

అపోహ: నా ఫోన్‌లో నా యాడ్ కనపడట్లేదు, అంటే ఆగిపోయింది.

షాపాయన ఒకసారి కౌంటర్ వెనక కూర్చుని, రీచార్జ్ చేయించుకునేవాళ్ళ మధ్య మధ్యలో తన యాడ్ తనే వెతికారు. ఒకటి కాదు రెండు కాదు, పొద్దున్నుంచి ఇరవై సార్లు. నొక్కితే డబ్బు పోతుందని నొక్కలేదు. మధ్యాహ్నానికి యాడ్ మాయం. "తమ్ముడూ, ఆపేశారేంటి?" ఆపలేదు అన్నగారూ! ఎన్నిసార్లు చూపించినా ఈ మనిషి నొక్కట్లేదని గూగుల్ మీకు చూపించడం మానేసింది. పైగా చూసీ నొక్కని చూపులన్నీ మన యాడ్ ఖాతాలోకే వెళ్ళాయి. చూసుకోవాలంటే ఖాతాలోనే యాడ్ ప్రివ్యూ అని ఒకటుంది, అందులో చూడండి.

అదే రోజు ఆయన ఖాతాలో ఇంకోటి దొరికింది. ఊరు విజయవాడ అని పెట్టుకున్నారు గానీ, కింద ఆప్షన్ మొదట ఉన్నట్టే వదిలేశారు. 'అక్కడ ఉన్నవాళ్ళు, లేదా ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్ళు' అని ఉంటుందక్కడ. ఆసక్తి అంటే డాలస్‌లో కూర్చుని విజయవాడ గురించి వెతికే మన పిల్లలు కూడా వస్తారు. స్క్రీన్ గార్డ్ మార్పించుకోవడానికి డాలస్ నుంచి ఎవరొస్తారు? 'ఉన్నవాళ్ళు' మాత్రమే అని మార్చాం. రోజు బడ్జెట్ 500 పెడితే ఒక్కోరోజు 1,000 దాకా పోతుందని కూడా ఆయనకి అప్పుడే తెలిసింది. నెల మొత్తానికి 30.4 రోజుల లెక్క దాటనివ్వరు, కానీ ఒక రోజుకి రెట్టింపు దాకా వాళ్ళకి స్వేచ్ఛ ఉంది. ఆ నిబంధన నాకూ నచ్చదు.

అపోహ: కంపెనీ కలిసిపోయింది కాబట్టి నంబరు పోతుంది, వెంటనే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాలి.

నంబరు పోదు. పాత సిమ్ పనిచేస్తూనే ఉంటుంది, మార్చాల్సి వస్తే కంపెనీ మెసేజ్ పెడుతుంది. ప్రమాదం ఆ రెండో సగంలో ఉంది. ప్రతి విలీనం తర్వాతా 'కస్టమర్ కేర్ నంబర్' వెతుకులాటలు పెరుగుతాయి, వాటి కోసమే నకిలీ నంబర్ల వాళ్ళు కాచుకుని ఉంటారు. ఫలితాల్లో పైన ఉన్నంత మాత్రాన అది కంపెనీ నంబరు కాదు. పైన ఎలా కూర్చుంటారో ఇందాక లెక్క చూశారుగా. షాపుకొచ్చిన ఒక పెద్దాయన అలాంటి నంబరుకి ఓటీపీ చెప్పేసి, తర్వాత మా షాపాయన దగ్గరికొచ్చి కూర్చున్నారు. ఫిర్యాదు ఉంటే మీ సిమ్ నుంచే 198కి కొట్టండి, ఏ కంపెనీకైనా అదే. పోర్ట్ కావాలంటే 'పోర్ట్' అని ఇంగ్లీషులో కొట్టి, పక్కన మీ నంబరు వేసి 1900కి మెసేజ్ పెట్టండి. ఈ రెండూ షాపాయన అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి కౌంటర్ అద్దానికి అతికించారు, దాని కింద ఇంకా ఐడియా స్టిక్కరే ఉంది.