పాపకు తొందర, నానమ్మకు మోతాదు

చిన్నారులకు,

పుట్టిన పాపకూ డెబ్బై దాటిన నానమ్మకూ జబ్బులు తేలిగ్గా అంటుకుంటాయి. కారణాలు మాత్రం వేరు. అందుకే టీకాలు వేసే తీరూ వేరు.

పాప కడుపులో ఉండగా, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, తల్లి రక్తంలోని యాంటీబాడీలు (జబ్బుతో పోరాడే పదార్థాలు) మాయ గుండా బిడ్డకు చేరతాయి. నెలలు నిండకుండా పుడితే అవి తక్కువ. ఉన్నవీ కొద్ది నెలల్లో తరిగిపోతాయి. చాలా దేశాల్లో గర్భిణికి 27 నుంచి 36 వారాల మధ్య కోరింత దగ్గు టీకా వేసేది ఇందుకే: బిడ్డ సొంత డోసుకు వయసొచ్చేదాకా ఆ అరువు రక్షణ కాస్తుంది. అయితే ఈ అరువు యాంటీబాడీలే తట్టు టీకాకు అడ్డొస్తాయి. అందులోది బలం తగ్గించిన, బతికున్న వైరస్. దాన్ని పని మొదలుపెట్టకముందే అణిచేస్తాయి. అందుకే ఆ టీకాకు 9 లేదా 12 నెలలు నిండేదాకా ఆగుతారు.

హెపటైటిస్ బి టీకాకు మాత్రం ఆగకూడదు. పుట్టిన 24 గంటల్లోపు తొడ ముందువైపు, బయటి పక్క కండలో పడాలి. పుట్టుకతో ఈ వైరస్ అంటిన బిడ్డల్లో నూటికి 90 మందికి అది దీర్ఘకాలం కాలేయంలో ఉండిపోతుంది; పెద్దయ్యాక అంటితే అలా నిలిచేది నూటికి అయిదుగురిలోపే. ఒక్క రోజుకు ఇంత విలువ!

క్షయ ఎక్కువగా ఉన్నచోట్ల బీసీజీ కూడా పుట్టగానే వేస్తారు. 0.05 మిల్లీలీటర్లు, చర్మం పొరలోనే, బుడిపె లేచేలా. లోతుకు దిగితే చీముగడ్డ కట్టే ప్రమాదం. కొన్ని వారాలకు చిన్న పుండై, మచ్చ పడి మానుతుంది. దాని మీద ఏమీ రాయకండి.

ఇక నానమ్మ సంగతి. వయసుతో ఛాతీలోని థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది, జబ్బుతో పోరాడే కొత్త టీ కణాలు తగ్గుతాయి, మామూలు డోసుకు స్పందన చాలదు. అందుకే 65 దాటినవాళ్లకు నాలుగింతల మోతాదు ఫ్లూ టీకా తయారైంది: ఒక్కో వైరస్ రకానికి 15 బదులు 60 మైక్రోగ్రాములు. ఫ్లూ వైరస్ మారుతూనే ఉంటుంది కాబట్టి ఏటా వేయించాలి. పని చేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, సీజన్ మొదలవకముందే వెళ్లాలి.

ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ నరాల మూలాల్లో దాగుండి, ముసలితనంలో కొందరికి సర్పిగా, అంటే నొప్పితో కూడిన పొక్కులుగా, లేస్తుంది. దాన్ని ఆపే టీకా రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు సూదులు. మొదటిదానికి చెయ్యి నొప్పి, జ్వరం వచ్చాయని కొందరు రెండోది మానేస్తారు. అవి రెండు మూడు రోజుల్లో పోతాయి. రెండోది మానితే రక్షణ సగంలో ఆగుతుంది. దగ్గరుండి తీసుకెళ్లండి.

సూది అయ్యాక అరగంట అక్కడే కూర్చోబెట్టండి. తీవ్రమైన అలర్జీ అరుదు. వస్తే ఎక్కువగా ఆ సమయంలోనే బయటపడుతుంది. డోసు తప్పితే చాలా టీకాలకు మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు, ఆగినచోటినుంచి కొనసాగిస్తారు. కార్డు మాత్రం వెంట ఉండాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య