గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్ ఎక్కడ తెగింది: అపోహలు – వాస్తవాలు

2019 మే 20, సోమవారం ఉదయం ఆరున్నర. అమెరికాతో పాటే మనకూ హాట్‌స్టార్‌లో హెచ్‌బీఓ ఛానెల్ ఫాంటసీ సీరియల్ గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. ఎనిమిదేళ్లుగా వెంట నడిచిన ప్రేక్షకుడు “ఇదేం ముగింపు?” అనుకుంటూ లేచాడు. ఆ బాధ న్యాయమైనదే. అయితే దానికి చెప్పుకునే కారణాలు చాలావరకు తప్పు. స్క్రీన్‌ప్లే రాసేవాళ్లు ఆ సీజన్‌ను సీన్ల వారీగా విప్పి చూస్తే లోపం వేరే చోట దొరుకుతుంది. మలుపులన్నీ చెప్పేస్తున్నాం, ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగండి.

అపోహ: డ్రాగన్లను పెంచిన రాణి డేనెరిస్ లొంగిపోయిన రాజధాని నగరాన్ని తగలబెట్టడమే తప్పు, ముగింపు మారిస్తే సరిపోయేది.

వాస్తవం: మెట్లు కట్టి ఉంటే ఆ ముగింపు నిలబడేది. లీడ్ (ముందస్తు సూచన) వేయలేదని అనలేం. మొదటి సీజన్ చివర మంత్రగత్తెను సజీవంగా దహనం చేయించింది. నాలుగో సీజన్‌లో మీరీన్ నగర దొరలు 163 మందిని కొయ్యలకు కొట్టించింది. ఏడో సీజన్‌లో తలవంచని టార్లీ తండ్రీకొడుకులను డ్రాగన్ మంటతో కాల్పించింది. కానీ వీళ్లంతా ఆమెకు అపకారం చేసినవాళ్లో, ఎదిరించినవాళ్లో. లొంగిపోయిన ఊరి జనం సంగతి వేరు.

నాలుగో సీజన్ ఆఖరి ఎపిసోడ్ గుర్తు చేసుకోండి. ఒక తండ్రి దర్బారులోకి వచ్చి మూట విప్పుతాడు. అందులో కాలిన ఎముకలు, అతని చిన్నారి కూతురివి. చంపింది ఆమె మూడు డ్రాగన్లలో ఒకటైన డ్రోగన్. డ్రోగన్ దొరకడు కాబట్టి మిగతా రెండు డ్రాగన్లను నేలమాళిగలో దించి, తన చేతులతోనే గొలుసులు వేసి, వాటి అరుపులు వింటూ ఏడుస్తూ బయటికొస్తుంది. ఒక్క పసిబిడ్డ కోసం, బిడ్డల్లా పెంచుకున్నవాటిని కట్టేసిన మనిషి ఆమె. ఆ గొలుసులకు జవాబు చెప్పే సీన్ ఎనిమిదో సీజన్‌లో ఒకటి ఉండి తీరాలి. లేదు. ఐదో ఎపిసోడ్‌లో గంటలు మోగుతాయి, గోడ మీద డ్రాగన్ ఎక్కి కూర్చున్న ఆమె ముఖం కాసేపు చూపిస్తారు, ఎగిరిపోతుంది. డేనెరిస్‌గా నటించిన ఎమీలియా క్లార్క్ ఆ కాసేపట్లో చేయగలిగినంతా చేసింది. రాయని సీన్‌ను ఏ నటీ ముఖంతో పూడ్చలేదు.

అపోహ: డబ్బు సరిపోక త్వరగా చుట్టేశారు. అయినా ఎపిసోడ్ల నిడివి పెంచారు కదా!

వాస్తవం: ఇంకా సీజన్లు తీయడానికి హెచ్‌బీఓ సిద్ధంగానే ఉంది. ముగిద్దామన్నది షోరన్నర్లు, అంటే సీరియల్‌ను నడిపించిన ప్రధాన రచయితలు డేవిడ్ బెనియాఫ్, డి.బి. వైస్. మొదటి ఆరు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు, ఏడుకు 7, ఎనిమిదికి 6. చివరి నాలుగూ ఒక్కోటి 80 నిమిషాల దాకా ఉన్నాయి. నిమిషాలు పెరిగాయి, వారాల ఎడం పోయింది. పాత్ర మారాలంటే ఒక వారం అనుమానం, ఇంకో వారం చిన్న తప్పు, ఆపై వారం దాన్ని సమర్థించుకోవడం రావాలి. మధ్యలో ఆరు రోజులు ప్రేక్షకుడు దాన్ని మనసులో మోసుకు తిరగాలి. ఒకే ఎపిసోడ్‌లో మూడూ కుక్కితే అతికినట్టుండదు.

అపోహ: సీరియల్‌కు మూలమైన పుస్తకాలు అయిపోయాయి కాబట్టి ముగింపు ఊహించి రాశారు.

వాస్తవం: ఐదో నవల 2011లో వచ్చింది, ఆరోది రాలేదు, అది నిజమే. కానీ ముఖ్యమైన మలుపులు నవలల రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ షోరన్నర్లకు ముందే చెప్పారు. పుస్తకంతో పాటు పోయింది పాత్ర లోపలి మాట. నవలలో ప్రతి అధ్యాయమూ ఒకరి మనసులోంచి నడుస్తుంది. తెర మీద ఆ పని మనసు విప్పి చెప్పుకునే తోడు పాత్రలు చేయాలి. డేనెరిస్‌కు అలాంటివాళ్లు జోరా, మిస్సాండే. ఎనిమిదో సీజన్ మూడో ఎపిసోడ్‌లో జోరా, నాలుగులో మిస్సాండే చనిపోయారు. మనసు విరిగిపోయే సమయానికి చెప్పుకోవడానికి మనిషే లేకుండా చేశారు. చివరికి బ్రాన్ అనే కుర్రాడు రాజవ్వడం కూడా ఇందుకే గుచ్చుకుంటుంది. ఐదో సీజన్ మొత్తంలో అతను కనిపించడు. ఏడులో తాను దేనికీ ప్రభువును కాలేనంటాడు, చివర్లో ఇందుకే ఇంత దూరం వచ్చానంటాడు. ఈ రెంటి మధ్య సీన్ ఏది?

అపోహ: చివరి సీజన్ మూడో ఎపిసోడ్ చీకట్లో సరిగా కనబడకపోవడం పూర్తిగా కెమెరా పని లోపం.

వాస్తవం: 55 రాత్రులు కష్టపడి తీసిన యుద్ధం అది, కావాలనే చీకటిగా తీశారు. దాన్ని ఇంకా చెడగొట్టింది స్ట్రీమింగ్ కంప్రెషన్, అంటే నెట్‌లో పంపడానికి వీడియోను కుదించడం. 8 బిట్ వీడియోలో చీకటి సీన్‌కు దక్కేది అడుగున ఉన్న కొద్ది వెలుగు మెట్లే. డేటా ఆదా కోసం వీడియోను కుదించే ఎన్‌కోడర్ వాటినీ కలిపేస్తే పొగ చారలుగా, గడులుగా విడిపోతుంది. టీవీలో మూవీ మోడ్ పెట్టండి, పవర్ సేవింగ్, డైనమిక్ కాంట్రాస్ట్ తీసేయండి, గది లైట్లు ఆర్పండి. బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది, పెంచాల్సింది బ్యాక్‌లైట్.

అపోహ: ఆన్‌లైన్ వినతిపత్రం మీద అందరూ సంతకాలు పెడితే చివరి సీజన్ మళ్లీ తీస్తారు.

వాస్తవం: 15 లక్షల పైచిలుకు సంతకాలు పడ్డాయి, ఒక్క సీనూ మారలేదు. నాలుగో ఎపిసోడ్‌లో మిగిలిపోయిన కాఫీ కప్పును మాత్రం కంప్యూటర్‌తో చెరిపేశారు. అదే ఏడాది అమెరికా టీవీ పురస్కారాలైన ఎమ్మీలలో ఉత్తమ డ్రామా సహా 12 అవార్డులు వచ్చాయి.

లోపం మీ కళ్లతోనే చూడాలంటే సీజన్ మొత్తం తిరగేయక్కర్లేదు. నాలుగో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో గొలుసుల సీన్ చూసి, వెంటనే ఎనిమిదో సీజన్ ఐదో ఎపిసోడ్‌లో గంటలు మోగే చోటు పెట్టండి. ఆ ఇద్దరు డేనెరిస్‌ల మధ్య ఏయే సీన్లు ఉండాలో కాగితం మీద రాయండి. మూడైనా తడతాయి, ఒక్కోదానికి ఒక్కో ఎపిసోడ్ పడుతుంది.