కాశీ క్యూలో ఖాళీ కడుపు

పదిహేనేళ్లుగా శ్రీకాకుళం నుంచి పెద్దవాళ్లను కాశీ, గయ, ప్రయాగ తిప్పుతున్నాను. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు లోయర్ బెర్త్ గురించి పదిసార్లు అడుగుతారు. అసలు మాట రైలు విజయనగరం దాటాక బయటపడుతుంది: "బాబూ, విశ్వనాథుడి దర్శనం అయ్యేవరకూ మెతుకు ముట్టను."

ఒంట్లో బాగున్నవాళ్లు ఉంటే ఉండొచ్చు. సుగరు ఉన్నవాళ్ల గురించే నా గోల. మాత్ర మానేసేవాళ్లు కొందరు. మాత్ర వేసుకుని తిండి మానేసేవాళ్లతో నాకు ఇంకా టెన్షన్. సుగరు తగ్గించే మందు లోపల పనిచేస్తూనే ఉంటుంది, కడుపులో మాత్రం ఏమీ ఉండదు.

ఒకసారి నరసన్నపేట వైపు నుంచి ఒకాయన వచ్చారు. మన పంచాంగంలో ఇంకా ఆషాఢ బహుళం. రద్దీ ఉండదనుకున్నారంతా. అక్కడ పౌర్ణమి మర్నాటి నుంచే కొత్త నెల లెక్క, అంటే వాళ్లకు శ్రావణం వచ్చేసింది. పైగా సోమవారం. క్యూలో గంటలు గడిచాయి. ఆయనకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. స్వామి పూనాడని పక్కవాళ్లు దండాలు మొదలుపెట్టారు! మాత్ర వేసుకుని తినలేదు, సుగరు పడిపోయిందని నాకు అర్థమైంది. ఫోను, సంచి లాకర్‌లో ఉన్నాయి. ముందున్న మామ్మ బుట్టలో స్వామికి తెచ్చిన పేడాలు కనిపించాయి.

"నివేదన కాలేదు కదా నాయనా" అందావిడ.

"ముందు ఈయనకు పెట్టు మామ్మా" అన్నాను. కళ్లు మూసుకుని ఇచ్చేసింది. మింగే స్పృహ ఉంది కాబట్టి సరిపోయింది. కాసేపటికి తేరుకుని, "ఏటయింది?" అని అడిగాడాయన.

ఆ భయాన్ని నేను వెటకారం చేయను. ఎన్నాళ్లో ఎదురుచూసి వస్తారు, చిన్న తప్పుకే ఫలం పోతుందేమోనని బెంగ. వాళ్లకు విదురనీతి చెప్తాను. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిదని భారతంలోనే ఉంది. నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు అందులో ఉన్నాయి, ఔషధమూ ఉంది. బయల్దేరేముందే డాక్టరుతో క్యూ సంగతి చెప్పి, ఏ మాత్ర ఎప్పుడో రాయించుకోండి. ఇప్పుడు నా బ్యాచ్‌లో సుగరు ఉన్నవాళ్లు తినందే లాడ్జి గుమ్మం దాటనివ్వను. తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కాశీలో తొమ్మిది నిద్రలు చేయగలిగితే మంచిదే, మూడు రాత్రులకే తిరిగొచ్చేవాళ్లు కుమిలిపోనక్కర్లేదు. డబ్బు కట్టి త్వరగా చూసే సుగమ దర్శనం టికెట్ గుడివాళ్లే అమ్ముతారు, దళారీ అక్కర్లేదు. డబ్బు కట్టని లైను కూడా ఉంది. కాశీలో ఇష్టమైనది వదలాలంటారా? మా బంధువొకాయన కాకరకాయ వదిలి వచ్చాడు. పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని ముట్టింది లేదు.

పేడాల మామ్మ ఆరోజు ఖాళీ బుట్టతోనే లోపలికి వెళ్లింది. బయటికొచ్చాక నన్ను పిలిచి, ఇంకో పావుకిలో కొనిపించుకుంది.